ఊరి జ్ఞాపకానికి పద్దు ఏది? శంషాబాద్ విమానాశ్రయ ప్రాంతంలో ప్రజా మానవీయశాస్త్రాలకు ఆర్థిక ఆలంబన: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

సాహిత్యం, చరిత్ర, భాష, జానపద విజ్ఞానం మొదలైన మానవీయశాస్త్రాలు విశ్వవిద్యాలయ ప్రాంగణం దాటి, తమకు మూలమైన ప్రజల మధ్య, వారి భాగస్వామ్యంతో సాగినప్పుడు వాటిని ప్రజా మానవీయశాస్త్రాలు అనవచ్చు. ఇటువంటి కృషికి ధనం ఎక్కడినుండి వస్తుంది, ఆ ధనం ఏ షరతులతో వస్తుంది, ఆ షరతులు కృషి స్వరూపాన్ని ఎలా నిర్ణయిస్తాయి అనే ప్రశ్నలను శంషాబాద్ విమానాశ్రయ పరిసర గ్రామాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కంపెనీల చట్టం 2013లోని సామాజిక బాధ్యత నిబంధనలను ఒక పాఠ్యంగా చదివి, వాటిలో మౌఖిక జ్ఞాపకానికి చోటు ఎందుకు దొరకడం లేదో వివరించి, గ్రంథాలయ వ్యవస్థ ద్వారా సాధ్యమయ్యే ఒక మార్గాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శంషాబాద్, ప్రజా మానవీయశాస్త్రాలు, ఆర్థిక సహాయం, కార్పొరేట్ సామాజిక బాధ్యత, గ్రంథాలయ పన్ను, మౌఖిక చరిత్ర, ఊళ్ల పేర్లు.

1. ఉపోద్ఘాతం

2014 నవంబరులో శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయపు దేశీయ టెర్మినల్‌కు ఎన్.టి. రామారావు పేరు పెట్టాలన్న కేంద్ర నిర్ణయం పెద్ద వివాదమైంది. తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఒక పేరు వెనుక చరిత్ర, ఆత్మగౌరవం, అధికారం ఉంటాయని ఆ చర్చ అందరికీ గుర్తు చేసింది. అయితే ఆ విమానాశ్రయం చుట్టూ ఉన్న కొత్వాల్‌గూడ, రషీద్‌గూడ, కిషన్‌గూడ, హమీదుల్లానగర్, గొల్లపల్లి, తొండుపల్లి, సాతంరాయి, పాల్మాకుల, ముచ్చింతల, నర్కుడ, పెద్ద గోల్కొండ, చిన్న గోల్కొండ అనే పేర్ల గురించి ఆ సందర్భంలో కూడా ఎవరూ చర్చించలేదు. పెద్ద పేరుకు సభ ఉంది. చిన్న పేర్లకు కనీసం ఒక పద్దు కూడా లేదు.

‘పద్దు’ అనే మాటను ఇక్కడ ఉద్దేశపూర్వకంగానే వాడుతున్నాం. లెక్కల పుస్తకంలో పద్దు లేని ఖర్చు జరగదు. జరిగినా అది ఎవరి సొంత జేబునుండో జరుగుతుంది. తెలుగు శాఖల్లో క్షేత్రపర్యటన చేసిన పరిశోధకులలో చాలామందికి ఈ సంగతి స్వానుభవమే. బస్సు ఛార్జీ, కథకునికి ఇచ్చే సంభావన, టీ ఖర్చు, రికార్డరు, ఆ తర్వాత వినికిడిని రాతలోకి మార్చే నెలల శ్రమ: వీటిలో ఎక్కువ భాగం ఏ లెక్కలోకీ రాదు. సిద్ధాంతగ్రంథం పూర్తయ్యాక ఆ సామగ్రి పరిశోధకుని బీరువాలో ఉండిపోతుంది. మాట ఇచ్చిన ఊరికి అది తిరిగి వెళ్లదు. కాబట్టి ఆర్థిక సహాయం అనేది పరిశోధనకు బయట ఉండే పాలనా విషయం కాదు. ఏ జ్ఞానం పుడుతుంది, అది ఎవరి దగ్గర మిగులుతుంది అనే మౌలిక ప్రశ్నలో అది భాగం.

2. చదవవలసిన పాఠ్యంగా ఒక ప్రాంతం

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది. సుమారు 5,500 ఎకరాలలో విస్తరించిన ఈ నిర్మాణం ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో వెలసింది. నిర్వహణ ప్రైవేటు సంస్థదే అయినా రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు మరో 13 శాతం వాటా ఉన్నాయి. అదే ఏడాది హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ ఏర్పడి, అంతకుముందు విమానాశ్రయ ప్రాంతానికి విడిగా ఉన్న అభివృద్ధి సంస్థను తనలో కలుపుకొన్నది. 2018లో శంషాబాద్ పురపాలక సంఘమైంది. పొలం స్థలంగా, స్థలం లేఅవుట్‌గా, ఊరు వార్డుగా మారిన క్రమమిది.

ఈ మార్పుకు ముందున్న జీవితాన్ని చెప్పే మొదటి ఆధారాలు ఊళ్ల పేర్లే. కొత్వాల్‌గూడ, రషీద్‌గూడ అనే పేర్లలో పారసీక, అరబీ మూలాల పదానికి తెలుగు ‘గూడ’ చేరింది. శంషాబాద్‌లో సూర్యుడు అనే అర్థమున్న అరబీ ‘షంస్’, వసతి అనే అర్థమున్న పారసీక ‘ఆబాద్’ కలిశాయి. గొల్లపల్లి పేరులో పశుపోషక వృత్తి జాడ కనిపిస్తుంది. నగర పాలనాధికారి ఉద్యోగనామం, ఒక వృత్తి సమూహం పేరు, ఒక వ్యక్తి పేరు కొద్ది మైళ్ల పరిధిలో పక్కపక్కన నిలిచాయి. నిజాం కాలపు భాషా సహజీవనానికి ఇంతకంటె సంక్షిప్తమైన పత్రం మరొకటి దొరకదు. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్లపై చేసిన పరిశోధన, పేరు అనేది చరిత్రకు, భాషకు, సమాజానికి ఉమ్మడి సాక్ష్యమని తెలుగులో నిరూపించింది. అటువంటి పని శంషాబాద్ చుట్టుపక్కల జరగాలంటే ఊరి పేరుతో ఆగకూడదు. చెరువు పేరు, చెలక పేరు, గట్టు పేరు, పోచమ్మ గుడి ఉన్న మూల పేరు తెలిసినవారు కావాలి. భూమి స్వరూపమే మారినచోట ఆ సూక్ష్మనామాలు పటంలో మిగలవు, నోటిలోనే మిగులుతాయి. 2008నాటికి నలభై ఏళ్ల వయసున్నవారు ఇప్పుడు అరవైకి చేరువయ్యారు. అప్పటికే అరవై దాటినవారిలో ఎందరు మిగిలి ఉంటారో ఊహించవచ్చు. ఈ వ్యాసంలోని ఆతురతకు కారణం ఇదే.

ఈ ప్రాంతంలో సంస్కృతి పేరిట ధనం లేకపోలేదు. ముచ్చింతలలో 216 అడుగుల రామానుజాచార్య విగ్రహం 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కృతమైంది. దాని నిర్మాణానికి ప్రధాన ఆధారం భక్తుల విరాళాలు. నర్కుడ పరిధిలోని అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయం సినిమా చిత్రీకరణలకు ప్రసిద్ధి పొందింది. భక్తికి దాతలున్నారు, దృశ్యానికి నిర్మాతలున్నారు. ఈ రెండూ తమ పరిధిలో సమంజసమే. కానీ ఆ ఆలయం కోనేటి దగ్గర ఆడుకున్న తరం చెప్పే మాటకు దాత ఎవరు?

3. మిరాసి, చందా, పన్ను: పూర్వపు ఆలంబనలు

తెలుగు సమాజంలో ప్రజా సంస్కృతికి ఆర్థిక ఆధారం కొత్త విషయం కాదు. దాని చరిత్రలో మూడు ఘట్టాలను గుర్తించవచ్చు.

మొదటిది మిరాసి. చిందు యక్షగానం, ఒగ్గుకథ, మందహెచ్చులు, కూనపులి, డక్కలి, కాకిపడగల వంటి కళాసంప్రదాయాలు దాతృకులం, ఆశ్రితకులం అనే సంబంధంపై నడిచాయి. ఏ బృందం ఏ ఊళ్లో ఆడాలో, ఏ కులం వారినుండి ఎంత పొందాలో హక్కుగా నిర్ణయమై ఉండేది. అది గ్రాంటు కాదు, తరతరాల ఒప్పందం. అందులో స్థిరత్వం ఉంది. అలాగే కులకట్టుబాటు కూడా ఉంది. కళాకారునికి భుక్తి దొరికింది కాని, అడుగు స్థానం మారలేదు. కాబట్టి దానిని కోల్పోయిన స్వర్ణయుగంగా చూడటం పరిశోధన కాదు.

రెండవది చందా. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలిశాయి. 1934లో సురవరం ప్రతాపరెడ్డి వెలువరించిన గోలకొండ కవుల సంచిక 354 మంది కవులను ఒకచోట చేర్చి, తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబైంది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించి పుస్తకాలను స్వయంగా మోసుకెళ్లి అమ్మారు. చందాదారు పాఠకుడే, కాబట్టి సంస్థ పాఠకునికి జవాబుదారి. ఇది చందా బలం. చందా కట్టగలిగినవారి, చదవగలిగినవారి లోకమే అందులో ఎక్కువగా ప్రతిఫలించడం దాని పరిమితి.

మూడవది పన్ను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయాల చట్టం ఇంటిపన్నుపై గ్రంథాలయ పన్నును విధించింది. అది రూపాయికి 8 పైసలు. అంటే వెయ్యి రూపాయల ఇంటిపన్ను కట్టే కుటుంబం 80 రూపాయలు గ్రంథాలయానికి కడుతున్నది. చదివినా చదవకున్నా కడుతున్నది. ఈ కారణంగానే గ్రంథాలయం ఒకరి దయ కాదు, పౌరుని హక్కు. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఈ మొత్తం గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరకపోవడం తెలుగు రాష్ట్రాలలో చిరకాలంగా వినిపిస్తున్న ఫిర్యాదు. హక్కు ఉన్నా ధారాళత లేదు.

మిరాసిలో బంధం, చందాలో పరిమితి, పన్నులో జాప్యం ఉన్నాయి. ఈ ఖాళీలోకే నేటి గ్రాంటు ప్రవేశించింది.

4. చట్టాన్ని పాఠ్యంగా చదవడం

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1నుండి అమలులోకి వచ్చింది. నికర విలువ 500 కోట్ల రూపాయలు, లేదా టర్నోవరు 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని కూడా ఆ సెక్షన్ చెబుతుంది. విమానాశ్రయం, దాని చుట్టూ పెరిగిన సరుకు రవాణా, హోటళ్ల, పరిశ్రమల వలయం దృష్ట్యా శంషాబాద్‌కు ఈ వాక్యం ఎంతో విలువైనది.

ఏ పనులకు వెచ్చించవచ్చో ఏడవ షెడ్యూలు చెబుతుంది. అందులోని సంస్కృతి అంశం మూడు భాగాలుగా ఉంది: జాతీయ వారసత్వం, కళ, సంస్కృతుల పరిరక్షణ, చారిత్రక కట్టడాల, కళాఖండాల పునరుద్ధరణ, ప్రజా గ్రంథాలయాల ఏర్పాటు, సంప్రదాయ కళల, హస్తకళల ప్రోత్సాహం, అభివృద్ధి. సాహిత్య విద్యార్థి ఇక్కడ క్రియలను గమనించాలి. పరిరక్షించడం, పునరుద్ధరించడం, ఏర్పాటు చేయడం, ప్రోత్సహించడం. వీటన్నిటి కర్మ వస్తువే: కట్టడం, కళాఖండం, గ్రంథాలయ భవనం, హస్తకళ. వినడం, రాసుకోవడం, అర్థం చెప్పడం, చర్చించడం అనే క్రియలు లేవు. గ్రంథాలయాన్ని ‘ఏర్పాటు’ చేయవచ్చునని ఉంది, నడపడం గురించి మాట లేదు. వారసత్వానికి ‘జాతీయ’ అనే విశేషణం ఉంది. ఊరి వారసత్వం ఆ విశేషణానికి తగినదేనని నిరూపించుకోవలసిన భారం ఊరిపైనే పడుతుంది.

ఈ పఠనానికి ఒక ప్రతివాదం ఉంది. ఏడవ షెడ్యూలు అంశాలను ఉదారంగా అన్వయించుకోవాలని కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2014 జూన్‌లోనే స్పష్టం చేసింది. కాబట్టి మౌఖిక చరిత్ర నిషిద్ధం కాదు. నిజమే. కానీ అనుమతి వేరు, ఆహ్వానం వేరు. అన్వయించి ఒప్పించవలసిన పనికి, స్పష్టంగా పేరున్న పనికి మధ్య పోటీ వస్తే లెక్కలు సరిచూసుకోవలసిన అధికారి రెండవదానినే ఎంచుకుంటాడు.

విమానాశ్రయ నిర్వాహక సమూహానికి చెందిన జి.ఎం.ఆర్. వరలక్ష్మి ఫౌండేషన్ ప్రకటించుకున్న రంగాలు విద్య, ఆరోగ్యం, పారిశుద్ధ్యం, సాధికారత, జీవనోపాధి. శంషాబాద్‌లో వృత్తి శిక్షణ కేంద్రాన్ని నడుపుతున్నది కూడా ఆ సంస్థే. భూమి ఆధారం పోయిన కుటుంబంలోని యువకునికి పని నేర్పడం అత్యవసరమైన సేవ. దానిని తక్కువచేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఈ విభజనలో గ్రామస్థుడు విద్యార్థిగా, రోగిగా, శిక్షణార్థిగా కనిపిస్తాడు. తెలిసినవాడుగా, చెప్పగలవాడుగా కనిపించడు. ఇది ఒక సంస్థ లోపం కాదు. దేశవ్యాప్తంగా ఈ రంగపు పరిభాషే ఇట్టిది. ‘లబ్ధిదారు’ అనే మాటలోనే ఇచ్చేవాడు అవతల, పుచ్చుకొనేవాడు ఇవతల ఉన్నారు.

5. దరఖాస్తు ఒక సాహిత్య ప్రక్రియ

శతకానికి మకుటం ఉన్నట్లు దరఖాస్తుకు కొన్ని నియమాలున్నాయి. లక్ష్యం, కాలపరిమితి, లబ్ధిదారుల సంఖ్య, కొలవదగిన ఫలితం, ప్రభావ మదింపు. ప్రక్రియ నియమాలు వస్తువును మలుస్తాయని తెలిసిన మనం ఈ నియమాలను కూడా అదే దృష్టితో చూడాలి.

మొదటిది కాలం. 2021 జనవరి సవరణల ప్రకారం బహువార్షిక ప్రాజెక్టు, మొదలైన ఆర్థిక సంవత్సరం కాక, మూడేళ్లు మించకూడదు. ఒక ఊరి నమ్మకాన్ని పొందడానికే ఏడాది పడుతుంది. సేకరణ పూర్తయ్యాక నిర్వహణ ఎవరిది? హైదరాబాద్‌లోని ఉర్దూ రిసెర్చ్ సెంటర్ ఉదంతం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. అబ్దుస్ సమద్ ఖాన్ జీవితకాలం కూడబెట్టిన అరుదైన ఉర్దూ పుస్తక, పత్రికా భాండాగారాన్ని 1990లలో చికాగో విశ్వవిద్యాలయం తదితర అమెరికా విద్యాసంస్థల సహకారంతో కొని, దేశం దాటించకుండా సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో భద్రపరిచారు. విదేశీ ధనం వచ్చినా సామగ్రి ఇక్కడే ఉండటం ఆదర్శప్రాయమైన నిర్ణయం. కానీ 2000 ఆగస్టు వరదలో ఆ సేకరణకు తీవ్ర నష్టం జరిగింది. సేకరణ ఒకనాటి పని, సంరక్షణ నిత్యకృత్యం. గ్రాంటు మొదటిదానినే చూస్తుంది.

రెండవది అర్హత. ఒక స్వచ్ఛంద సంస్థ కంపెనీ నిధి పొందాలంటే ట్రస్టుగానో, సొసైటీగానో, లాభాపేక్ష లేని కంపెనీగానో నమోదై, ఆదాయపు పన్ను మినహాయింపులు పొంది, మూడేళ్ల అనుభవం చూపి, మంత్రిత్వ శాఖ వద్ద నమోదు సంఖ్య తెచ్చుకోవాలి. అక్రమాలను అరికట్టడానికి ఇవి అవసరమే. కానీ ఒగ్గు పూజారికి, బతుకమ్మ పాటలు కంఠస్థంగా ఉన్న వృద్ధురాలికి, తండాలో గోర్‌బోలిలో కథ చెప్పే మనిషికి ఈ ద్వారం మూసే ఉంటుంది. మధ్యలో సంస్థ ఉండి తీరాలి. ఆ సంస్థ భాష సాధారణంగా ఇంగ్లీషు. తెలుగు జ్ఞాపకం ఇంగ్లీషు దరఖాస్తుగా మారేసరికి ‘వారసత్వం’, ‘నైపుణ్యం’, ‘పర్యాటకం’ అనే మూడు మాటల్లో ఏదో ఒకదానిలో ఒదగవలసి వస్తుంది.

మూడవది మౌనం. భూసేకరణ జ్ఞాపకంలో ఆనందం ఉండవచ్చు, ఆగ్రహమూ ఉండవచ్చు. ఆ భూమిపై వెలసిన వ్యాపారాలనుండి వచ్చే ధనంతో ఆ ఆగ్రహాన్ని నమోదు చేయగలమా? దాత నిషేధించనక్కరలేదు, దరఖాస్తుదారే ముందుజాగ్రత్తతో ఆ ప్రశ్నను వదిలేస్తాడు. ప్రజా మానవీయశాస్త్రాలకు అన్నిటికంటె పెద్ద ప్రమాదం ఈ స్వీయ నియంత్రణే.

6. ప్రభుత్వ ధనం: మరొక కోణం

ప్రభుత్వ ధనంలో ఈ సమస్య ఉండదా అంటే, ఉంటుంది, రూపం వేరు. తెలంగాణ సాంస్కృతిక సారథి 550 మంది కళాకారులకు ఉద్యోగమిచ్చింది. ఉద్యమంలో గొంతెత్తిన కళాకారునికి జీతం భద్రత నివ్వడం చిన్న విషయం కాదు. కానీ ప్రభుత్వ పథకాల ప్రచారం ప్రధాన విధి అయినప్పుడు పాట దిశ మారుతుంది. ఉన్నత విద్యారంగంలో 2023 నాటి అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్ చట్టం మానవీయశాస్త్రాలను వాటి వైజ్ఞానిక, సాంకేతిక సంధిస్థలాల మేరకే తన పరిధిలోకి తీసుకున్నది. అంటే యంత్రంతో ముడిపడినప్పుడే మన శాస్త్రానికి ఆ వాకిలి తెరుచుకుంటుంది.

విదేశీ అనుభవం కూడా హెచ్చరికే. అమెరికాలో 1965లో ఏర్పడిన జాతీయ మానవీయశాస్త్రాల నిధి, 56 ప్రాంతీయ మండళ్ల ద్వారా చిన్న పట్టణాల గ్రంథాలయాలకు, చర్చావేదికలకు సహాయం చేస్తూ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ గ్రాంట్లలో అధిక భాగాన్ని ఒక్కసారిగా రద్దు చేసింది. మెలన్ ఫౌండేషన్ ఆ మండళ్లకు 1.5 కోట్ల డాలర్ల అత్యవసర సహాయం ప్రకటించింది. అరవై ఏళ్ల వ్యవస్థ కూడా ఒకే ఆధారంపై నిలిస్తే ఎంత బలహీనమో ఇది చూపింది. పాఠం స్పష్టం: ఒకే దాతపై ఆధారపడకూడదు, దాతకు, పనికి మధ్య ఒక ప్రజాసంస్థ ఉండాలి.

7. ఒక ప్రతిపాదన

ఆ ప్రజాసంస్థ మనకు ఇప్పటికే ఉన్నది. అది జిల్లా గ్రంథాలయ సంస్థ. సామాజిక బాధ్యత నిబంధనలు పార్లమెంటు లేదా రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా ఏర్పడిన సంస్థను కూడా అమలు సంస్థగా అంగీకరిస్తాయి. దానికి మూడేళ్ల అనుభవ నియమం వర్తించదు; నమోదు చేసుకుంటే చాలు. 1960 చట్టం కింద ఏర్పడిన గ్రంథాలయ సంస్థ ఈ నిర్వచనంలోకి వస్తుంది. ‘ప్రజా గ్రంథాలయాలు’ ఏడవ షెడ్యూలులోనే ఉన్నాయి. ‘స్థానిక ప్రాంత ప్రాధాన్యం’ సెక్షన్‌లోనే ఉన్నది. ఈ మూడు వాక్యాలను కలిపి చదివితే, రంగారెడ్డి జిల్లా గ్రంథాలయ సంస్థ ఆధ్వర్యంలో విమానాశ్రయ పరిసర గ్రామాలకు ఒక జ్ఞాపక నిధిని ఏర్పాటు చేయడానికి కొత్త చట్టం అవసరం లేదు.

ఆ నిధికి కొన్ని నియమాలుండాలి. ఒకటి, అనేక కంపెనీల ధనం ఒకే ఖాతాలో కలవాలి. ఏ కథనానికి ఎవరి రూపాయి వెళ్లిందో విడదీయలేని స్థితి ఉండాలి. రెండు, తెలుగు, ఉర్దూ, గోర్‌బోలి భాషల్లో నోటితో చెప్పిన దరఖాస్తును స్వీకరించి గ్రంథపాలకుడు రాసుకోవాలి. మూడు, చెప్పినవారికి సంభావన చెల్లించాలి. అది దానం కాదు, జ్ఞానానికి ప్రతిఫలం. నాలుగు, ధ్వనిముద్రణ ప్రతి ఒకటి ఊరి గ్రంథాలయంలో ఉండాలి. చెప్పినవారు కోరినంత కాలం కొన్ని భాగాలను మూసి ఉంచే హక్కు వారికి ఉండాలి. ఐదు, లబ్ధిదారుల సంఖ్యకు బదులు, సేకరించిన సామగ్రిని ఊరి ముందు చదివి, ఊరివారి దిద్దుబాట్లను చేర్చడమే మదింపు కావాలి. నిత్య నిర్వహణ మాత్రం గ్రంథాలయ పన్నునుండే సాగాలి. గ్రాంటు వస్తుంది, పోతుంది, పన్ను నిలుస్తుంది.

ఈ ప్రతిపాదనపై ఒక ఆక్షేపణ వస్తుంది: బకాయిలతో, ఖాళీ పోస్టులతో కుంగిన గ్రంథాలయ వ్యవస్థ ఈ భారాన్ని మోయగలదా? ఇది బలమైన ఆక్షేపణే. జవాబులో సగం విశ్వవిద్యాలయాలది. బిరుదురాజు రామరాజు 1956లో ఉస్మానియాలో జానపద గేయ సాహిత్యంపై డాక్టరేట్ పొందిన నాటినుండి తెలుగు శాఖలు పల్లెనుండి తీసుకుంటూనే ఉన్నాయి. పరిశోధక విద్యార్థి ఒక విద్యాసంవత్సరంలో కొన్ని వారాలు శాఖా గ్రంథాలయంలో పనిచేయడాన్ని కోర్సు పనిలో భాగంగా గుర్తిస్తే మనుషుల కొరత కొంత తీరుతుంది. ఆ ఋణం కొంత తీరుతుంది.

8. ముగింపు

ఆర్థిక సహాయం తటస్థమైనది కాదు. మిరాసి కులాన్ని, చందా విద్యావంతుని, ప్రభుత్వ జీతం పథకాన్ని, కంపెనీ నిధి కొలతను ముందుకు తెచ్చాయి. ధనం లేకుండా పని జరగదు గనుక దీనికి పరిష్కారం గ్రాంటును నిరాకరించడం కాదు. దానిని మన వస్తువుకు తగినట్లు చదివి, మన సంస్థల గుండా మళ్లించడం. సాహిత్య పాఠ్యాలను నిశితంగా చదివే శిక్షణ పొందిన తెలుగు పరిశోధకులు చట్టాలను, దరఖాస్తులను, నివేదికలను కూడా అంతే నిశితంగా చదవాలి. అది మన శాస్త్ర పరిధిలోని పనే.

శంషాబాద్ మీదుగా ప్రతిరోజూ వేలమంది ఆకాశమార్గాన వస్తూ పోతూ ఉంటారు. వారి టికెట్టుపై ఊరి పేరు హైదరాబాద్ అని ఉంటుంది. దిగిన నేలకు మాత్రం వేరే పేర్లున్నాయి. ఆ పేర్లను పలికి, వాటి అర్థం చెప్పగలవారు ఇంకా ఉన్నారు. వారిని వినడానికి అయ్యే ఖర్చుకు ఒక పద్దు తెరవడమే ఇప్పుడు జరగవలసిన పని.